సంగటిలో పెట్టిన పొడిచెయ్యి

ఒళ్ళు కాలితే ఏం పూయాలనేది మా పక్క ఊరినిబట్టి మారిపోతాది. నేను పుట్టింది కుప్పం అవతల, గుడుపల్లెకు దగ్గరుండే ఒక పల్లెలో. ఆడ చెయ్యి కాలిందంటే మా అమ్మ దోసెపిండి గిన్నె తెచ్చి చేతిని దాంట్లో ముంచేసేది. ఆ పిండితోనే మళ్ళీ మాకు దోసెలు పోసిందా లేదా అని నేను ఈపొద్దుటికీ అడగలేదు. నన్నిచ్చిన ఊరు పుంగనూరు నుంచి పెద్దపంజాణి పోయే పక్క. ఈడ వెన్న పూసి పైన పసుపు చల్లుతారు. మేం బతికేదేమో మదనపల్లెలో. ఆడ అడిగే పనే లేదు, టమోటా. మండీలో రాశులు రాశులు టమోటాలు పడుండే ఊర్లో ఇంగేం పూస్తారు? ఇవి కాకుండా పండ్లు తోముకునే పేస్టు, పిల్లోళ్ళ సిరా, ఏది చేతికందితే అది. మూడు ఊర్లూ ఒక్క మాట మీదుండేది ఒక్కదాంట్లోనే. కాలినదాని మీద నీళ్ళు మాత్రం పడగూడదు, పడితే బొబ్బలు లేస్తాయి. అందరూ అనేమాట కదా అని నేనూ అదే అంటా ఉండేదాన్ని.

ఆ మాట నా దగ్గర చెల్లకుండా పోయింది మదనపల్లెలోనే. నేనూ మా ఆయనా బస్టాండుకు దగ్గర్లో చిన్న టిఫిను సెంటరు పెట్టుకోని ఉండాం. దోసెలు పోసేది నేను. నాకు కోపం ముక్కు మీదుంటాదని మా వీధిలో అందరికీ తెలుసు, అయినా ఒకాయన ఒకరోజు పొద్దున్నే వచ్చి వడ చిన్నదైపోయిందని అన్నాడు. అన్నవాడు గమ్మున తిని పోవచ్చు గదా, వడను ఎత్తి పక్కనోళ్ళకు చూపించినాడు. నేను ఆ వడాయన పక్కకు తిరిగి నాలుగు మాటలు అంటా ఉంటే మోచేతి కింద పెనం అంచు తగిలింది. నేను కెవ్వుమన్నాక వడాయనే పరిగెత్తుకోనొచ్చి మా బుట్టలో టమోటా తీసి పిసికి నా చేతికి మెత్తినాడు. మంచోడే పాపం.

ఆ టమోటాతోనే ఆస్పత్రికి పోయినా. ఆడ నర్సమ్మ నన్నూ, నా చేతినీ చూసి, పచ్చడి చేసుకోని వచ్చినావా, ఉప్పు కూడా వేసినావా అనింది. నాకన్నా కోపిష్టిది. కొళాయి కింద చెయ్యి పెట్టించి గింజలన్నీ కడిగింది. కడిగేటప్పుడు నాకు చుక్కలు కనిపించినాయి. అప్పుడే చెప్పింది. నిప్పు పక్కకు పోయినా వేడి మాంసంలోనే ఉండి లోపల ఇంగా కాలస్తా ఉంటాదంట. దాన్ని బయటికి లాగేది చల్లని నీళ్ళంట. కాలిన వెంటనే ఇరవై నిమిషాలు పారే నీళ్ళ కింద పెడితే సగం బాధ ఆడే పోతాదంట. ఐసు పెట్టగూడదు, అది తోలును ఇంగా చెరుపుతాది. వెన్నా పిండీ టమోటా పూస్తే వేడి లోపలే నిలిచిపోతాది, పైగా మురికి చేరి చీము పడతాది. బొబ్బ లేచేది నీళ్ళ వల్ల కాదు, కాలినందువల్ల. లేచినా దాన్ని చిదమగూడదు. పెద్దగా కాలినా, మొగం కాలినా, తోలు తెల్లబడినా ఇంట్లో కూర్చోకుండా రావాలంట. ఇదంతా ఆమె నన్ను తిడతానే చెప్పింది, నేను తిట్లు వింటానే నేర్చుకున్నా. ఆపొద్దు నుంచి మా అంగట్లో కొళాయి కింద గిన్నెలు పెట్టనియ్యను, ఆ తావ ఎప్పుడూ ఖాళీగా ఉండాల్సిందే.

ఇంగ అసలు కథకొస్తా. ఇది మా అత్త కథ, మా అత్త ఆవు కథ.

మా అత్త పల్లెలోనే ఉంటాది. పక్కింట్లో ఆమె తోటికోడలు, మా చిన్నత్త. ఇద్దరికీ మధ్య ఒక పిట్టగోడ, ఆ గోడ మీదుగా పొద్దంతా మాటలూ కూరలూ అటూ ఇటూ పోతా ఉంటాయి. మా అత్తకు ఒక ఆవు ఉండాది. పుంగనూరు పొట్టి జాతి. నా నడుము దాకా రాదు గానీ దాని పొగరు మాత్రం ఇంటి కప్పు దాటుతాది. తొలిచూలు ఈనినప్పటినుంచి మా అత్త చెయ్యి తప్ప ఇంగెవరి చెయ్యీ పొదుగుకు తగలనియ్యదు. మా ఆయన్ను తన్నింది. చిన్నత్తను తన్నింది. నేను చిన్నప్పటినుంచి ఆవుల మధ్య పెరిగినదాన్ని, నాకు తెలీదా అని పోయి కూర్చుంటే నన్నూ, చెంబునూ కలిపి తన్నింది. మా అత్త అరుగు మీద కూర్చోని నవ్వింది. ఆ నవ్వు నేను మరిచిపోలేదు.

ఆ ఆవు వల్ల మా అత్త యాడికీ పోదు. పెండ్లిళ్ళు లేవు, తిరణాళ్ళు లేవు. పలమనేరులో ఉండే నా ఆడబిడ్డకు బిడ్డ పుడితే, పొద్దున బస్సుకు పోయి సాయంత్రం పాలు పిండే పొద్దుకంతా తిరిగొచ్చేసింది. దాంతో మా ఆయనకు కడుపు మండింది. ఆయన నాలాగా అరిచే మనిషి కాదు, నిమ్మళంగా ఒక మాట అంటాడు, అన్నది చేస్తాడు. ఒక్క మనిషికి తప్ప పాలియ్యని ఆవు మనకెందుకు మా అని వాళ్ళమ్మతో అన్నాడు. నీ చెయ్యి ఒక్క పూట ఆడకపోతే ఆ పొద్దే దాన్ని సంతకు తోలేస్తా అన్నాడు. మా అత్త అప్పటినుంచి ఆ రెండు చేతుల్నీ చంటిబిడ్డల మాదిరిగా కాపాడుకునేది. గడ్డి కోసేటప్పుడు గుడ్డ చుట్టుకునేది. కత్తిపీట ముందర కూర్చునేది మానేసింది. నేను పల్లెకు పోతే చాలు, కూరగాయలన్నీ నా ముందర పెట్టి అవతలకు పోయేది.

మొన్న ఎండాకాలంలో ఒకరోజు అంగడి మూసే పని ఆయనకు వదిలేసి నేను ముందుగా బస్సెక్కి పల్లెకు పోయినా. ఆయన సాయంత్రం బండి మీద వస్తానన్నాడు. మధ్యాన్నానికి మా అత్త సంగటి పెట్టింది. రాగిసంగటి కెలికేది చూస్తే సులువుగా ఉంటాది గానీ బలం కావాల. తపేలాను రెండు కాళ్ళ మధ్య పట్టుకోని కట్టెతో గెలికి గెలికి, పొగలు కక్కతా ఉండే ముద్దను తడి పలక మీద వేస్తారు. పక్కన గిన్నెలో చల్లటి నీళ్ళు ఉంటాయి. చెయ్యి ఆ నీళ్ళలో ముంచేది, సంగటి తీసేది, ఉండ చేసేది. మళ్ళీ ముంచేది, మళ్ళీ తీసేది. మా ఆడోళ్ళకు అది ఊపిరి పీల్చుకున్నట్టే, ఎవరూ ఆలోచించి చెయ్యరు.

ఆపొద్దు మా అత్త చెయ్యి ముంచింది. అంతలో దూడ పలుపు తెంపుకోని నేరుగా వంటింట్లోకొచ్చి మూతి పెట్టింది. మా అత్త తడిచేత్తోనే దాని మొగం పట్టి అవతలకు తోసింది. చేతికి దూడ చొంగ అంటింది. ఆ చొంగను చీరకు తుడుచుకోని, ముంచినాను గదా అనుకోని, పొడిచెయ్యి అట్లే సంగటిలో పెట్టేసింది.

అరవలేదు. అమ్మా అని ఒక్కసారి అనింది, అంతే. సంగటి అరచేతికి అతుక్కుపోయింది. ఆమె చేతిని చూసుకోలేదు, ఆవుండే కొట్టం పక్క చూసింది. నేను అదిరిపడింది చేతికి కాదు, ఆ చూపుకు.

రెక్క పట్టుకోని కొళాయి దగ్గరికి లాక్కుపోయినా. తిప్పితే బుస్సుమని గాలి వచ్చింది. కరెంటు లేదు, మోటరు లేదు, పైన తొట్టి ఎండిపోయుండాది. కోపం కరెంటు మీద చూపించేదానికి టైము లేదు. తాగేదానికి బిందెల్లో పట్టిన నీళ్ళుంటే బిందె ఎత్తినా. అప్పటికే గోడ అవతల నుంచి చిన్నత్త ఒక చేత్తో వెన్న గిన్నె, ఒక చేత్తో ఫ్రిజ్జులో ఐసు పట్టుకోని దిగతా ఉండాది. దిగతానే నీళ్ళు పొయ్యొద్దని కేకేసింది. మా అత్త ఆ మాట పట్టుకోని చెయ్యి వెనక్కి లాగేసుకునింది.

"నీళ్ళొద్దమ్మే. బొబ్బ లేచిందంటే నాకు ఆవు లేదు. వాడొస్తాండాడు సాయంత్రానికి."

ఆమె కండ్లలో నీళ్ళు నేను చూసింది అదే మొదటిసారి. నర్సమ్మ చెప్పిందంతా చెప్తే ఆమెకు ఎక్కదని నాకు తెలుసు. ఆస్పత్రోళ్ళ మాటంటే ఆమెకు లెక్కే లేదు. ఏం చెప్పాలో తెలీక నేను ఆ సంగటి పలక పక్క చూసినా. నీళ్ళ గిన్నె ఆడే ఉండాది.

"అత్తా, ఇన్నేండ్లుగా ఏ చేత్తో ఉండలు చేస్తాండావు? తడిచేత్తోనా, పొడిచేత్తోనా? తడిచేతిని కాల్చని సంగటి, పొడిచేతిని కాల్చింది. నీళ్ళు నీకు యాడ ద్రోహం చేసినాయో సూపించు."

మా అత్త నన్ను చూసింది, గిన్నెను చూసింది. చిన్నత్త కూడా నోరు మూసుకునింది, అది మా ఊర్లో జరిగేది కాదు. మా అత్త చెయ్యి ముందుకు చాపింది.

పోసినా. సంగటి తనంతట తానే జారి పడిపోయింది. వేలికుండే రాగి ఉంగరం వాపు రాకముందే తీసెయ్యాలని తీసినా, తడికి సులువుగా వచ్చేసింది. అరచెయ్యంతా ఎర్రగా ఉండాది, బొటనవేలి కింద ఇంగా ఎక్కువ ఎరుపు. సన్నని ధారగా పోస్తా ఉంటే ఆమె మొగంలో బిగువు రవ్వరవ్వగా వదిలింది. వదిలినాక ఆమెకు ఇంగో బాధ మొదలైంది. మాది నీళ్ళు లేని నేల. బోర్లు ఎండిపోయిన ఊర్లో తాగే నీళ్ళు ఇట్లా మట్టిలో పోస్తే పాపం తగలదా అని గొణగడం మొదలుపెట్టింది. చెయ్యి కాలిన మనిషి నీళ్ళ గురించి ఏడస్తాండాది. సరే అని కుడితి తొట్టి ఈడ్చుకోనొచ్చి చేతి కింద పెట్టినా. ఒక్క చుక్క కింద పడలేదు, అన్నీ ఆవు తొట్టిలోకే. అప్పుడు గాని ఆమె ప్రాణం కుదుట పడలేదు.

ఇరవై నిమిషాలు టైము చూసే పని చిన్నత్తకు ఫోనిచ్చి అప్పజెప్పినా. ఆమె మాటిమాటికీ అయిపోయిందని చెప్తాది. ఫోను లాక్కోని చూస్తే సగం కూడా అయ్యుండదు. ఐసు పెడతా, తొందరగా తగ్గతాది అంటాది. వద్దంటే మూతి ముడుచుకుంటాది. బిందెలు ఖాళీ అయినాక మినరల్ వాటర్ క్యాను ఎత్తినా. మా అత్త అదిరిపోయి, కొనుక్కొచ్చిన నీళ్ళా అనింది. కాలినప్పుడు కూడా ఆమె అంత గట్టిగా అరవలేదు. నేను చెవినబెట్టలేదు, పోస్తానే ఉన్నా.

చెయ్యి తీసినాక మంట శానా తగ్గిందని ఆమే చెప్పింది. బొటనవేలి కింద మాత్రం చిన్న ఉబ్బు ఉండాది. పెట్టెలో ఉతికి మడిచిపెట్టిన మెత్తని ధోవతి గుడ్డ తీసి, బిగించకుండా వదులుగా చుట్టినా. అరచేయి కాలింది కాబట్టి పొద్దున్నే పుంగనూరు ఆస్పత్రిలో చూపించాల్సిందే అన్నా. ఆమె తల ఊపింది. చిన్నత్త తెచ్చిన వెన్న ఊరికే పోతాదా అని, ఇంగా వేడి తగ్గని సంగటి ఉండకు గుంత చేసి దాంట్లో వేసి ముగ్గురం తిన్నాం. మా అత్తకు నేనే తినిపించినా. ఉండలు నున్నగా రాలేదని ప్రతి ముద్దకూ వంక పెట్టింది. పెడతానే రెండు ఉండలు తినింది.

పొద్దు వాలేకొద్దీ మాటలు తగ్గిపోయినాయి. కొట్టంలో ఆవు అరవడం మొదలుపెట్టింది. పొదుగు నిండి గట్టిబడి ఉండాది. మా అత్త గుడ్డ విప్పబోయింది. విప్పినావంటే తోలు ఊడొస్తాదని నేను అడ్డం నిలబడినా. ఎడమచేత్తో కూర్చునింది. ఎడమచేతికి అలవాటు లేదు, పిండతాది గానీ రెండు చుక్కలు కూడా రాలేదు, ఆవు చిరాకుపడి పక్కకు జరిగింది. మా అత్త అట్లే కూర్చోని, వాడు అన్నంత పనీ చేస్తాడమ్మే, చెయ్యి సంగతి వాడికి తెలియకుండా పాలు పిండెయ్యాల అనింది. ఆయన సంగతి నాకు తెలీదా? చేస్తాడు. పెండ్లయినప్పటినుంచి ఆయన అని చెయ్యని పని నేను చూళ్ళేదు. నాకు కూడా అప్పుడు భయమేసింది.

మా అత్త లేచి ఇంట్లోకి పోయి ఒక చీర తెచ్చింది. రంగు వెలిసిన నీలం చీర. పాలు పిండేటప్పుడు అదే కడతాది, ఉతికినా దాంట్లోనుంచి పేడ వాసనా, పాల వాసనా పోవు. పసులు పెంచే ఇండ్లల్లో అది మామూలే, పిండే మనిషి మారితే ఆ మనిషి చీరే కట్టుకుంటారు, ఆవుకు వాసన తెలియాలని. కానీ ఆ చీరను మా అత్త దండెం మీద నుంచి కూడా నన్ను తియ్యనిచ్చేది కాదు.

"కట్టుకో" అనింది.

కట్టుకున్నా. నాకు పొట్టి, మోకాళ్ళ కిందికి కూడా సరిగ్గా రాలేదు. దూడను వదిలినాం. అది నాలుగు గుక్కలు తాగినాక ఆవు చేపింది, పాలు చన్నుల్లోకి దిగినాయి. దూడను పక్కన కట్టి, మా అత్త ఆవు తల దగ్గర గొంతుక్కూర్చుని, ఎడమచేత్తో గంగడోలు నిమరతా దాంతో మాట్లాడతాండింది. నేను చెంబు మోకాళ్ళ మధ్య పెట్టుకోని కూర్చున్నా. ముందుసారి తన్నులు తగిలిన తావ ఇంగా నొప్పి ఉన్నట్టే అనిపించింది. చెయ్యి పెట్టేసరికి ఆవు కాలెత్తింది. ఇంకో పొద్దయితే దాన్ని నేను తిట్టే తిట్లకు ఊరంతా లేచొచ్చేది. పండ్లు బిగబట్టుకున్నా. అది తల వెనక్కి తిప్పి చీరను వాసన చూసింది. బాగా చూసింది. చూసి, కాలు కింద పెట్టింది.

చెంబులో మొదటి ధార పడిన సద్దు వింటే నాకు ఒళ్ళు పులకరించింది. గుడుపల్లె పక్క మా ఇంట్లో నేర్చుకున్న పని, వేళ్ళు మరిచిపోలేదు. మా అత్త తల వంచుకోని ఆవుకు ఏదో చెప్తానే ఉండాది, దాన్ని పొగడతాందో, నా గురించి చెప్తాందో తెలీలేదు.

అట్లా పిండతా ఉంటే వాకిట్లో బండి ఆగింది. మా ఆయన కొట్టం వాకిలి దగ్గరికొచ్చి నిలబడినాడు. మసక చీకటి పడింది, ఆయనకు నా వీపూ ఆ నీలం చీరా తప్ప ఏమీ కనపడలేదు. నన్నే వాళ్ళమ్మ అనుకోని, మా అని పిలిచినాడు. చిన్నమ్మ ఫోన్ చేసి చెప్పిందంట, చెయ్యి కాలిందంట. దాచాలని మేం పడిన పాట్లన్నీ పిట్టగోడ అవతలనుంచే నీళ్ళలో కలిసిపోయినాయి. కాలిన చేత్తో పిండేదానికి కూర్చున్నావా, నీకు బుద్ధుందా మా అని నా వీపును తిట్టినాడు. ఇంగ నేను వినను, రేపే సంతకు తోలతా అన్నాడు. పెండ్లయినప్పటినుంచి ఆయన తిడితే నేను మాటకు మాట చెప్పకుండా ఉండింది అదొక్కసారే. నవ్వు ఆపుకుంటా ఉన్నా, నవ్వితే ఆవు బెదరతాదని.

అప్పుడు ఆవు తల పక్కనుంచి మా అత్త లేచి నిలబడింది. చుట్టిన చెయ్యి ఎత్తి చూపించింది. ఆయన వాళ్ళమ్మను చూసి, నా వీపును చూసి, మళ్ళీ వాళ్ళమ్మను చూసినాడు. చెంబులో నురగ పైకొస్తా ఉండాది.

"సూసినావా? ఒక చెయ్యి కాలితే నాకు ఇంగో రెండు చేతులుండాయి. ఆవు యాడికీ పోదు. నువ్వు పోయి కాళ్ళు కడుక్కో పో."

ఆయన కాళ్ళు కడుక్కునేదానికి పోయినాడు. నన్ను ఆ ఇంటికి తెచ్చుకున్నప్పటినుంచి మా అత్త నోట నా గురించి అంత మాట రావడం అదే మొదలు. నవ్వు పోయి ఏడుపొచ్చింది నాకు. తుడుచుకునేదానికి చేతులు ఖాళీ లేవు, ఆవు ఇంగా చేపతానే ఉండాది, అందుకని ఏడస్తానే పిండినా.